బిజినెస్ ల్యాప్‌టాప్, కన్స్యూమర్ ల్యాప్‌టాప్: ఒకే ప్రాసెసర్‌కి రెండు ధరలెందుకు?

## క్లుప్తంగా

బిజినెస్ మోడల్‌కి పెట్టే అదనపు డబ్బులో వేగానికి వెళ్లేది దాదాపు ఏమీ ఉండదు. రిపేరు, విడిభాగాలు, వారంటీ, ఏళ్ల తరబడి వచ్చే అప్‌డేట్లు, వీటికే అది ఖర్చవుతుంది. కన్స్యూమర్ మోడల్లో ఆ డబ్బు స్క్రీన్, స్పీకర్లు, గ్రాఫిక్స్, అందం వైపు పోతుంది. ఎక్కువ ఏళ్లు వాడేవాళ్లకీ, మెషిన్ ఆగితే పని ఆగిపోయేవాళ్లకీ మొదటి రకం నప్పుతుంది. అయితే పెట్టె మీది పేరు చూసి ఇది ఏ రకమో తేల్చడం ఈమధ్య బాగా కష్టమైంది, "బిజినెస్" అని రాసి ఉన్నవన్నీ ఒకే నాణ్యతతో రావడం లేదు కూడా.

## లెక్క ఎక్కడ తేడా కొడుతుంది

ల్యాప్‌టాప్ కోసం వెతకడం మొదలుపెట్టిన చాలామంది ఒకే చోట ఆగిపోతారు. రెండు మోడళ్లు పక్కపక్కన పెడితే ప్రాసెసర్ అదే, ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ 512 జీబీ, స్క్రీన్ 14 అంగుళాలు, కంపెనీ కూడా ఒకటే. కానీ ఒకదాని ధర రెండోదానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పైగా ఎక్కువ ధర ఉన్నదే చూడ్డానికి నల్లగా, కాస్త మందంగా, పాత డిజైన్‌లా కనిపిస్తుంది, స్క్రీన్ కూడా రెండోదాని అంత కాంతిగా ఉండకపోవచ్చు. మరి ఆ అదనపు డబ్బు దేనికి?

స్పెసిఫికేషన్ల పట్టికలో దీనికి సమాధానం దొరకదు. ఆ పట్టికలో ఉండేవన్నీ కొన్న రోజున కొలవగలిగే సంగతులు. ఈ రెండు రకాల మధ్య తేడా రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో బయటపడుతుంది. కీబోర్డు మీద టీ ఒలికినప్పుడు, మూతని బాడీకి కలిపే హింజ్ విరిగినప్పుడు, బ్యాటరీ ఉబ్బినప్పుడు, ఛార్జింగ్ పోర్టు వదులైనప్పుడు ఏం జరుగుతుందో ఏ పట్టికా చెప్పదు.

## కొనేది ఒకరు, వాడేది ఇంకొకరు

అసలు కిటుకు ఇక్కడుంది. కన్స్యూమర్ ల్యాప్‌టాప్‌ని కొనే మనిషే వాడతాడు. అతను దాన్ని షాపులో పది నిమిషాలు చూస్తాడు, లేదా ఆన్‌లైన్‌లో నాలుగు ఫొటోలూ రేటూ చూస్తాడు. కాబట్టి ఆ పది నిమిషాల్లో కంటికి ఆనే వాటి మీదే కంపెనీ ఖర్చు పెడుతుంది. మెరిసే మూత, సన్నటి అంచులు, రంగులు ఉట్టిపడే స్క్రీన్, పెద్ద ప్రాసెసర్ నంబర్. లోపల హింజ్ స్క్రూ దేనికి బిగించారో ఆ పది నిమిషాల్లో ఎవరికీ కనబడదు, అందుకే ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు కోత అక్కడ పడుతుంది.

బిజినెస్ మోడల్‌ని కొనేది వాడే ఉద్యోగి కాదు, ఐటీ విభాగం. వాళ్లు ఒకేసారి 500 తీసుకుంటారు, మూడు నాలుగేళ్లు నడిపిస్తారు, చెడిపోయిన ప్రతి మెషిన్ వెంట ఒక ఫోన్ కాల్, ఒక టెక్నీషియన్ సమయం, పని లేకుండా కూర్చున్న ఒక ఉద్యోగి జీతం ఖర్చు కింద వాళ్ల ఖాతాలోనే పడతాయి. అందుకని వాళ్లు వేసే ప్రశ్నలు వేరు. కీబోర్డు మార్చడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? ఇదే మోడల్ ఇంకో ఏడాది తర్వాత కూడా దొరుకుతుందా? ఇప్పటికే ఆఫీసులో ఉన్న డాక్‌లు (మానిటర్, కీబోర్డు వగైరాలని ఒకే వైరుతో కలిపే పెట్టెలు) దీనికి పనిచేస్తాయా? ఈ ప్రశ్నలకు సరైన జవాబు ఇవ్వలేని కంపెనీ ఒక్క ల్యాప్‌టాప్ అమ్మకాన్ని కాదు, మొత్తం ఆర్డర్‌ని పోగొట్టుకుంటుంది. అందం కంటే రిపేరుకు ప్రాధాన్యం రావడానికి కారణం ఇదే.

ఇందులో ఇంకో కోణం కూడా ఉంది. ఉద్యోగి తన డబ్బు పెట్టి కొనలేదు కాబట్టి స్క్రీన్ రంగులు పేలవంగా ఉన్నా అతని మాట కొనుగోలు విభాగం దాకా పోదు. బిజినెస్ మోడళ్లలో చాలాకాలం చవక స్క్రీన్లు కొనసాగడానికి ఇదొక ముఖ్య కారణం.

## పేర్ల గజిబిజి

ఒకప్పుడు పేరు చూస్తే విషయం తెలిసేది. 1992లో ఐబీఎం మొదలుపెట్టి 2005లో లెనోవో చేతికి వచ్చిన థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, ఇవి ఆఫీసు సరుకు. ఐడియాప్యాడ్, ఇన్‌స్పిరాన్, పెవిలియన్ ఇంటి సరుకు. ఆసుస్‌లో ఎక్స్‌పర్ట్‌బుక్ ఒకవైపు, వివోబుక్, జెన్‌బుక్ ఇంకోవైపు. ఏసర్‌లో ట్రావెల్‌మేట్ ఒకవైపు, ఆస్పైర్, స్విఫ్ట్ ఇంకోవైపు.

ఇప్పుడు ఆ గీత చెరిగిపోతోంది. 2019లో లెనోవో చిన్న వ్యాపారాల కోసం థింక్‌బుక్ తెచ్చింది, పేరు థింక్‌ప్యాడ్‌కి దగ్గరగా వినబడుతుంది గానీ కట్టుబడిలో చాలావరకు కన్స్యూమర్ మోడళ్లకే దగ్గర. హెచ్‌పీ 2024లో తన కన్స్యూమర్ పేర్లను ఓమ్నీబుక్ కిందికి చేర్చడం మొదలుపెట్టింది. డెల్ అయితే 2025 జనవరిలో ఇన్‌స్పిరాన్, లాటిట్యూడ్, ప్రెసిషన్, ఎక్స్‌పీఎస్ పేర్లను పక్కనపెట్టి డెల్, డెల్ ప్రో, డెల్ ప్రో మ్యాక్స్ అని మూడు వరుసలు ప్రకటించి, ఒక్కోదాంట్లో మళ్లీ ప్లస్, ప్రీమియం మెట్లు పెట్టింది, ఏడాది తిరిగేసరికి ఎక్స్‌పీఎస్ పేరును వెనక్కి తెచ్చింది. కొనేవాళ్లు తికమక పడటంలో వాళ్ల తప్పేమీ లేదు.

"ప్రో" అనే మాటని అసలు పట్టించుకోకపోవడం మంచిది. డెల్ ప్రో ఆఫీసు వరుస. ఐడియాప్యాడ్ ప్రో, వివోబుక్ ప్రో కన్స్యూమర్ వరుసలు, ఆపిల్‌కి అసలు ఇలాంటి విభజనే లేదు, మ్యాక్‌బుక్ ప్రో ఇంటికీ ఆఫీసుకీ ఒకటే.

ఒకే పేరు లోపల ఉన్న మెట్లు ఇంకా ముఖ్యం. థింక్‌ప్యాడ్‌లో ఈ (E), ఎల్, టీ, ఎక్స్, పీ సిరీస్‌లున్నాయి. "ఈ" (E) సిరీస్ చవక రకం, టీ సిరీస్ అసలైన ఆఫీసు గుర్రం, పీ సిరీస్ బరువైన డిజైన్ పనులకు చేసిన వర్క్‌స్టేషన్. హెచ్‌పీలో ప్రోబుక్ కింది మెట్టు, ఎలైట్‌బుక్ పై మెట్టు. కింది మెట్టు బిజినెస్ మోడల్‌కీ మంచి కన్స్యూమర్ మోడల్‌కీ పోటీ పెడితే చాలాసార్లు రెండోదే గట్టిగా ఉంటుంది. బిజినెస్ మోడళ్ల గురించి జనం చెప్పుకునే మంచి పేరంతా మధ్య, పై మెట్ల వల్ల వచ్చింది. అది కింది మెట్టుకి కూడా వర్తిస్తుందనుకుని కొంటే నిరాశ తప్పదు.

## మూత విప్పితే కనిపించే తేడా

ల్యాప్‌టాప్‌లో తరచుగా విరిగేది హింజ్. అది ఎందుకు విరుగుతుందో తెలిస్తే ఈ రెండు రకాల తేడా మొత్తం అర్థమవుతుంది. చవక మోడళ్లలో ప్లాస్టిక్ బాడీలో చిన్న ప్లాస్టిక్ స్తంభాలు ఉంటాయి, వాటిలోకి ఇత్తడి మరలను వేడితో దించుతారు, హింజ్ స్క్రూలు ఆ ఇత్తడి మరల్లోకి బిగుస్తాయి. మూత తెరిచిన ప్రతిసారీ లాగుడంతా ఆ ప్లాస్టిక్ మీద పడుతుంది. హింజ్‌లోని గ్రీజు ఎండి బిగుసుకునే కొద్దీ లాగుడు పెరుగుతుంది, ఒక రోజు స్తంభం ఊడి ఇత్తడి మర బయటికొచ్చేస్తుంది, అంచు తెరుచుకుంటుంది, కొన్నిసార్లు స్క్రీన్ కూడా పగులుతుంది. మంచి బిజినెస్ మోడల్లో హింజ్ మెగ్నీషియం లేదా అల్యూమినియం ఫ్రేమ్‌కి నేరుగా బిగుస్తుంది. ఇందుకు అయ్యే అదనపు ఖర్చు ఏమంత పెద్దది కాదు, కానీ షాపులో కనబడని ఖర్చు.

కీబోర్డు సంగతి కూడా ఇంతే. చాలా కన్స్యూమర్ మోడళ్లలో కీబోర్డుని పై ప్లేటుకి ప్లాస్టిక్ రివెట్లతో కరిగించి అతికిస్తారు. ఒక్క కీ పోయినా పై భాగం మొత్తం మార్చాలి, దానికోసం మదర్‌బోర్డు కూడా బయటికి తీయాలి. థింక్‌ప్యాడ్ టీ సిరీస్ లాంటి వాటిలో ఏళ్ల తరబడి కీబోర్డుని కొన్ని స్క్రూలతో విడిగా తీసేలా చేశారు, కింద నీళ్లు కారిపోవడానికి దారులు కూడా పెట్టారు. కింది మూత స్క్రూలు విప్పినా చేతిలోకి ఊడిరాకుండా మూతకే అంటిపెట్టుకుని ఉంటాయి. రోజుకి పది మెషిన్లు విప్పే టెక్నీషియన్‌ని దృష్టిలో పెట్టుకుని చేసిన పని అది.

విప్పే పద్ధతి రాసిన మెయింటెనెన్స్ మాన్యువల్‌ని బిజినెస్ మోడళ్లకు కంపెనీలు వెబ్‌సైట్‌లోనే పెడతాయి. ఏ స్క్రూ ఎంత పొడవో, ఏ భాగం నంబర్ ఏమిటో అందులో ఉంటుంది. కన్స్యూమర్ మోడళ్లలో కొన్నింటికి ఇది దొరుకుతుంది, కొన్నింటికి దొరకదు. భాగం నంబర్ తెలిస్తే అయిదేళ్ల తర్వాత కూడా దాన్ని వెతికి తెప్పించుకోవచ్చు, పైగా అదే మోడల్ వేల సంఖ్యలో ఆఫీసుల నుంచి బయటికి వస్తుంది కాబట్టి పాత మెషిన్ల నుంచి తీసిన భాగాలు కూడా దొరుకుతాయి.

అయితే బిజినెస్ అన్న ఒక్క మాటతో ధీమా పడిపోకూడదు. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ లాంటి పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది, తర్వాత పెంచుకునే దారి లేదు. ఎల్‌పీడీడీఆర్ రకం మెమరీ తక్కువ కరెంటు తాగుతుంది, ఎక్కువ వేగంతో నడుస్తుంది, కానీ ప్రాసెసర్‌కి బాగా దగ్గరగా ఉంటేనే సిగ్నల్ సరిగా అందుతుంది, అందుకే సోల్డర్ చేస్తారు. ఈ చిక్కుకి పరిష్కారంగా, విప్పి మార్చుకోగల ఒక కొత్త రకం మెమరీ మాడ్యూల్ వచ్చింది. డెల్ మొదట తన వర్క్‌స్టేషన్లలో వాడిన ఆలోచన అది, 2023 చివర్లో మెమరీ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ దాన్ని క్యామ్2 పేరుతో ప్రమాణంగా ప్రకటించింది, 2024లో థింక్‌ప్యాడ్ పీ1 లో దాని తక్కువ కరెంటు రకం వచ్చింది. ఇంకా కొద్ది మోడళ్లలోనే ఉంది. అదే ఏడాది లెనోవో, రిపేరు గైడ్లు రాసే ఐఫిక్సిట్‌తో కలిసి చేసిన థింక్‌ప్యాడ్ టీ14 అయిదో తరానికి రిపేరు సౌలభ్యంలో 10కి 9 మార్కులు వచ్చాయి. అంటే పల్చగా చేస్తూనే విప్పుకునేలా చేయడం సాధ్యమే, చేయించే కొనుగోలుదారు ఉండాలి.

2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరగడంతో ఈ విషయానికి ఇంకా బరువు వచ్చింది. స్లాట్ ఉన్న మోడల్ అయితే ఇప్పుడు 16 జీబీతో తీసుకుని ధరలు దిగాక పెంచుకోవచ్చు. సోల్డర్ చేసినదైతే అయిదేళ్ల అవసరాన్ని ఇవాళే ఊహించి, ఇవాళ్టి ధరకే కొనాలి.

## మిలిటరీ గ్రేడ్ అనే మాట

ల్యాప్‌టాప్ ప్రకటనల్లో ఈ మాట వెనక ఉండే ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణ శాఖ పరీక్షా పద్ధతుల పుస్తకం. ఎత్తు నుంచి పడటం, కంపనం, తేమ, దుమ్ము, వేడి, చలి వంటి వాటికి పరీక్ష ఎలా చేయాలో చెబుతుంది, 2019లో దాని హెచ్ రూపం వచ్చింది. ఇది సర్టిఫికెట్ కాదు. అమెరికా సైన్యం ల్యాప్‌టాప్‌లను పరీక్షించి ముద్ర వేయదు. ఏ పరీక్షలు చేయాలో, ఏ తీవ్రతతో చేయాలో తయారీదారే ఎంచుకుంటాడు. ఇప్పుడు ఆసుస్ జెన్‌బుక్, టఫ్ గేమింగ్ లాంటి కన్స్యూమర్ మోడళ్ల మీద కూడా ఈ మాట కనిపిస్తోంది. కాబట్టి రెండు రకాలను వేరు చేయడానికి ఇది పనికిరాదు. మూతని ఒక మూల పట్టుకుని తెరిచి చూస్తే, కీబోర్డు మధ్యలో వేలితో నొక్కి చూస్తే ఇంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

## కన్స్యూమర్ మోడల్ గెలిచే చోట్లు

స్క్రీన్ విషయంలో పోటీయే లేదు. మధ్య ధర కన్స్యూమర్ మోడళ్లలో కూడా ఇప్పుడు ఓఎల్ఈడీ వస్తోంది, సినిమాలకు వాడే డీసీఐ-పీ3 రంగుల పరిధిని దాదాపు మొత్తం చూపిస్తుంది. ఖరీదైన బిజినెస్ మోడల్ కూడా బేస్ వేరియంట్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల పరిధిని చెప్పే పాత టీవీ కొలమానం) అని రాసి ఉన్న ప్యానెల్‌తో రావచ్చు. అంటే మామూలు వెబ్ ఫొటోలకు కావాల్సిన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండొంతులు కూడా సరిగా చూపించలేదు, ఎరుపు ఇటుక రంగులా కనిపిస్తుంది. అదే మోడల్లో 400 నిట్స్ వెలుగు, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న ప్యానెల్ కూడా దొరుకుతుంది, కాకపోతే ఆర్డర్ చేసేటప్పుడు ఎంచుకోవాలి. బిజినెస్ ల్యాప్‌టాప్ కొని స్క్రీన్ చూసి బాధపడే చాలామంది ఈ ఒక్క గడి చూడక బాధపడతారు. మ్యాట్ ఫినిష్ మాత్రం బిజినెస్ మోడళ్లలో మామూలు, కిటికీ పక్కన కూర్చుని గంటలు పనిచేసేవాళ్లకు అది పెద్ద హాయి.

స్పీకర్లు, గ్రాఫిక్స్ కార్డులు కూడా కన్స్యూమర్ వైపే బాగుంటాయి. గేమింగ్‌కి బిజినెస్ ల్యాప్‌టాప్ కొనడంలో అర్థం లేదు. వీడియో ఎడిటింగ్‌కి కూడా అంతే, వర్క్‌స్టేషన్ మెట్టుకు వెళ్తే తప్ప. ఆ వర్క్‌స్టేషన్లలో గ్రాఫిక్స్ డ్రైవర్లను ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ వంటి సాఫ్ట్‌వేర్లతో పరీక్షించి ధ్రువీకరిస్తారు, ధరలో కొంత దానికీ పోతుంది. ఆ సాఫ్ట్‌వేర్లు వాడనివాళ్లకు దాంతో పనిలేదు.

ప్రాసెసర్ పేరు ఒకటే అయినా వేగం ఒకటే కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఒకే చిప్‌ని ఒక మోడల్ 15 వాట్లకు కట్టేస్తుంది, ఇంకోటి 28 వాట్ల మీద నడుపుతుంది. చల్లదనానికి పెద్ద ఫ్యాన్లు పెట్టిన కన్స్యూమర్ మోడల్, చప్పుడు తగ్గించడానికి ప్రాధాన్యం ఇచ్చిన ఆఫీసు మోడల్ కంటే బరువైన పనిలో ముందుండటం మామూలే.

## సాఫ్ట్‌వేర్ వైపు

కన్స్యూమర్ ల్యాప్‌టాప్ మీద లాభం సన్నగా ఉంటుంది. ఆ లోటుని కొంత పూడ్చుకోవడానికి కంపెనీలు ట్రయల్ యాంటీవైరస్‌లు, ఆటలు, ప్రకటనల సాఫ్ట్‌వేర్లు ముందే వేసి పంపుతాయి, అలా వేసినందుకు ఆ సాఫ్ట్‌వేర్ సంస్థలు డబ్బిస్తాయి. ఆఫీసులకు వెళ్లే మెషిన్లను ఐటీ విభాగం రాగానే చెరిపేసి తమ విండోస్ వేసుకుంటుంది కాబట్టి అక్కడ వేయడానికి ఎవరూ డబ్బివ్వరు.

ఇది ఎంత దూరం పోగలదో చెప్పడానికి సూపర్‌ఫిష్ వ్యవహారం గట్టి ఉదాహరణ. 2014లో లెనోవో కొన్ని కన్స్యూమర్ మోడళ్లలో ఈ ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ని ముందే వేసి అమ్మింది. అది సైట్లు నిజమైనవని బ్రౌజర్‌ని నమ్మించే తన సొంత రూట్ సర్టిఫికెట్‌ని మెషిన్‌లో పెట్టి, బ్యాంకు సైట్లతో సహా భద్రమైన కనెక్షన్ల మధ్యలోకి దూరి ప్రకటనలు చొప్పించేది. అన్ని మెషిన్లలో ఒకే తాళంచెవి ఉండటంతో, ఆ తాళంచెవి బయటపడ్డాక ఎవరైనా దాన్ని దుర్వినియోగం చేయగలిగే పరిస్థితి వచ్చింది. 2015 ఫిబ్రవరిలో విషయం బయటికొచ్చింది, 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో లెనోవో రాజీ ఒప్పందం చేసుకుంది. థింక్‌ప్యాడ్‌లలో అది లేదని కంపెనీ చెప్పింది. ఒకే కంపెనీ, రెండు వరుసలు, రెండు రకాల మర్యాద. ఇంటికి కొన్నవాళ్ల మెషిన్‌కి కూడా అదే మర్యాద దక్కాలి, దక్కలేదు. కన్స్యూమర్ మోడల్ తీసుకున్నవాళ్లు మొదటి రోజే విండోస్‌ని శుభ్రంగా మళ్లీ వేసుకుంటే ఇలాంటి బెడద చాలావరకు పోతుంది.

బిజినెస్ మోడళ్ల ప్రచారంలో వినిపించే మిగతా పేర్లలో కొన్ని సొంతానికి కొనేవాళ్లకు అక్కర్లేదు. ఇంటెల్ వీప్రో ఉంటే విండోస్ పడిపోయిన మెషిన్‌ని కూడా ఐటీ విభాగం దూరం నుంచి సరిచేయగలదు, కానీ దానికి వెనక నిర్వహణ వ్యవస్థ ఉండాలి, ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు అది వృథా ఖర్చు. ఇంటెల్ స్టేబుల్ ఐటీ ప్లాట్‌ఫామ్ ప్రోగ్రామ్ కింద దాదాపు 15 నెలలపాటు చిప్‌లు, డ్రైవర్లు మారకుండా చూస్తారు, ఇది కూడా వందల మెషిన్లకు ఒకే సెటప్ వేసేవాళ్లకు ఉపయోగం. రహస్య తాళంచెవులను భద్రంగా దాచే టీపీఎం చిప్ ఒకప్పుడు ఆఫీసు మోడళ్ల ప్రత్యేకత, 2021లో వచ్చిన విండోస్ 11 దాన్ని తప్పనిసరి చేయడంతో ఇప్పుడు అందరి దగ్గరా ఉంది. విండోస్ ప్రో కావాలంటే హోమ్ నుంచి తర్వాత కూడా మారవచ్చు, దానికోసమే ఖరీదైన మెషిన్ కొనక్కర్లేదు.

పనికొచ్చేది బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఎక్కువ ఏళ్లు రావడం. లినక్స్ వాడేవాళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం. థింక్‌ప్యాడ్, డెల్, హెచ్‌పీ ఆఫీసు వరుసల్లో చాలా మోడళ్లకు బయోస్ లాంటి ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు లినక్స్ నుంచే వేసుకోవచ్చు, 2020 నుంచి లెనోవో కొన్ని థింక్‌ప్యాడ్‌లను ఫెడోరా అనే లినక్స్‌తోనే అమ్మింది.

## వారంటీ: డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే

కన్స్యూమర్ మోడల్‌కి సాధారణంగా ఒక ఏడాది వారంటీ, మెషిన్‌ని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి లేదా పార్సిల్ చేయాలి. భాగం స్టాకులో లేకపోతే వారాలు పట్టొచ్చు, ఆ వారాలు మన డేటా కూడా అక్కడే ఉంటుంది. మధ్య, పై మెట్టు బిజినెస్ మోడళ్లకు మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ తీసుకోవడం ఆనవాయితీ. మరుసటి పనిదినానికి టెక్నీషియన్ భాగంతో సహా ఇంటికో ఆఫీసుకో వచ్చి, కళ్లముందే మార్చి వెళ్తాడు. ఇది ఇంత వేగంగా జరగడానికి కారణం, పైన చెప్పుకున్న విడివిడి భాగాలు, వాటి నిల్వలు, మాన్యువల్స్. డిజైన్‌ని వారంటీ నుంచి విడదీసి చూడలేం.

ఇక్కడ రెండు చోట్ల జనం మోసపోతున్నారు. ఒకటి, బిజినెస్ మోడల్ కాబట్టి మూడేళ్లు ఉంటుందిలే అనుకోవడం. చాలా మోడళ్లు బేస్‌గా ఏడాది వారంటీతోనే వస్తాయి, మిగతాది విడిగా కొనాలి. రెండోది బ్యాటరీ. ల్యాప్‌టాప్‌కి మూడేళ్లున్నా బ్యాటరీకి సాధారణంగా ఏడాదే. కొన్ని బిజినెస్ మోడళ్లలో ఎక్కువ ఛార్జింగ్ సైకిళ్లు తట్టుకునే, మూడేళ్ల వారంటీ ఉన్న బ్యాటరీని ఎంచుకునే వీలుంది, డెస్కు మీద ఎప్పుడూ ఛార్జర్‌కి పెట్టి వాడేవాళ్లు దాన్ని చూడాలి. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సౌకర్యం ఇప్పుడు చాలా కన్స్యూమర్ మోడళ్లలో కూడా ఉంది, కొన్న రోజే ఆన్ చేసుకోవచ్చు.

కన్స్యూమర్ మోడల్‌కి కూడా ఎక్స్‌టెండెడ్ ఆన్‌సైట్ వారంటీ దొరికితే, ఆ ఖర్చు కలిపాకే రెండు ధరల్నీ పోల్చాలి. అలా పోలిస్తే చాలాసార్లు తేడా తగ్గుతుంది.

## వెబ్‌సైట్‌లో కనిపించే ధర ఎవరు కడతారు?

పెద్ద సంస్థలు కట్టరు. బిజినెస్ మోడళ్ల ప్రకటిత ధర బేరం మొదలుపెట్టడానికి ఉన్న ధర, వందల్లో కొనేవాళ్లకు అందులో పెద్ద భాగం తగ్గుతుంది. ఒక్కటి కొనేవాళ్లు మాత్రం దాదాపు ఆ ధరే కట్టే ప్రమాదముంది. అందుకే కొత్త తరం రాగానే పాత తరం మీద ఇచ్చే తగ్గింపుల్లో కొనడం సొంతానికి కొనేవాళ్లకు మేలు. ఏడాది పాత ప్రాసెసర్ వల్ల రోజువారీ పనిలో కనిపించే తేడా దాదాపు ఉండదు.

ఇంకో దారి వాడిన మెషిన్లు. సంస్థలు మూడు నాలుగేళ్లకోసారి మార్చేస్తాయి, లీజు ముగిసినవి గుట్టలుగా మార్కెట్లోకి వస్తాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది కాబట్టి విండోస్ 11 అధికారికంగా నడిచేవే చూడాలి, ఇంటెల్‌లో అది చాలావరకు ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. కొత్త చవక కన్స్యూమర్ మోడల్‌కి పెట్టే డబ్బుతో మూడేళ్ల పాత టీ సిరీస్ లేదా ఎలైట్‌బుక్ వస్తే, టైపింగ్, బ్రౌజింగ్, కోడింగ్, ఆఫీసు పనికి రెండోదే మంచి బేరం. మొత్తం వ్యాసంలో ఏ తటపటాయింపూ లేకుండా చెప్పగలిగే సంగతి ఇది.

కానీ భద్రత కోసం పెట్టిన తాళాలే ఇక్కడ ఎదురు తిరుగుతాయి. బయోస్‌కి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, అది తెలియనివాళ్లకు థింక్‌ప్యాడ్‌లో కంపెనీ చెప్పే మార్గం మదర్‌బోర్డు మార్చడమే. పాత సంస్థ ఆ మెషిన్‌ని మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ (సంస్థలు తమ మెషిన్లను నమోదు చేసుకునే వ్యవస్థ) జాబితా నుంచి తీయకపోతే, విండోస్ మళ్లీ వేసి ఇంటర్నెట్‌కి కలపగానే ఆ సంస్థ లాగిన్ పేజీ ప్రత్యక్షమవుతుంది, అక్కడితో కథ ఆగిపోతుంది. అమ్మేవాళ్ల ముందే బయోస్‌లోకి వెళ్లి చూడాలి, వీలైతే విండోస్ రీసెట్ చేయించి నెట్ కలిపి మొదటి సెటప్ పూర్తయ్యేదాకా ఉండాలి. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టులో డిజైన్ కెపాసిటీకీ ఇప్పుడున్న ఫుల్ ఛార్జ్ కెపాసిటీకీ తేడా చూడాలి.

## ఎవరికి ఏది

మెషిన్ ఒక రోజు ఆగితే ఆ రోజు సంపాదన పోయే ఫ్రీలాన్సర్, అకౌంటెంట్, అయిదారుగురితో నడిచే చిన్న ఆఫీసు, వీళ్లకు ఆన్‌సైట్ వారంటీతో మధ్య మెట్టు బిజినెస్ మోడల్ సరైనది. ఒక లెక్క వేసుకుంటే, 100 పెట్టి కొన్నది మూడేళ్లు వస్తే ఏడాదికి 33, 150 పెట్టినది ఆరేళ్లు వస్తే ఏడాదికి 25. రెండేళ్లకోసారి కొత్తది కొనే అలవాటున్నవాళ్లకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, వాళ్లు అదనపు డబ్బు పెట్టి దాని ఫలితం ఇంకొకరికి వదిలేసినట్టు అవుతుంది.

ఫొటోలు, వీడియోలు, ఆటలు, సినిమాలు ముఖ్యమైనవాళ్లు కన్స్యూమర్ మోడల్ దగ్గరే ఆగొచ్చు. ఇంట్లో అందరూ కలిసి అప్పుడప్పుడు వాడే మెషిన్‌కి కూడా అది చాలు. చదువుకునేవాళ్ల విషయం కాస్త వేరు. రోజూ బ్యాగులో మోస్తారు, నాలుగేళ్లు వాడాలి, చెడితే చేతిలో డబ్బుండదు. గ్రాఫిక్స్ కార్డు కావాల్సిన కోర్సు కాకపోతే వాళ్లకు వాడిన బిజినెస్ మోడల్ బాగా పనికొస్తుంది, వయసైపోయిన బ్యాటరీ మార్చడానికి కొంత డబ్బు పక్కన పెట్టుకుంటే.

ఏది తీసుకున్నా, పేరు పక్కనుండే పొడవాటి మోడల్ కోడ్ పట్టుకుని వెతకాలి. ప్యానెల్ ఏది, ర్యామ్ స్లాటా సోల్డరా, వారంటీ ఎన్నేళ్లు, ఆన్‌సైటా కాదా అన్నవి ఆ కోడ్‌తోనే తెలుస్తాయి, పేరుతో తెలియవు. ఇంటికొచ్చాక ప్రతి పోర్టులో ఏదో ఒకటి పెట్టి చూడాలి, ప్రతి కీ నొక్కాలి, కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి వారంటీ తేదీ సరిచూడాలి, తెల్ల తెర, నల్ల తెర పెట్టి స్క్రీన్ పరీక్షించాలి. ఇదంతా రిటర్న్ గడువు ఉండగానే అయిపోవాలి. చాలా కంపెనీలు ఒకటి రెండు డెడ్ పిక్సెల్స్‌ని వారంటీ కింద లోపంగా లెక్కించవు, అలాంటి స్క్రీన్ మార్చుకునే అవకాశం ఆ కొద్ది రోజుల్లోనే ఉంటుంది.